గాజుతొట్టిలో కాలువ గడ్డి

కర్నూలు,
20-2-1955.

చెల్లెలు జీవమ్మకు అన్న దావీదురాజు రాయడమేమంటే, ఇక్కడ నేనూ మీ వదిన రాహేలమ్మా బాగానే ఉన్నాము. నువ్వూ బాగున్నావని తలుస్తాను అని రాయబోయి ఆగాను. ఎలా ఉన్నావో నువ్వే రాయి.

మీ ఆయన లేవి సైకిలు కాలువ గట్టున దొరికి ఐదు నెలలైంది. ఆ రోజుల్లో నేను వచ్చి మూడు రోజులు గట్టు మీదే ఉన్నాను కదా, ఈతగాళ్ళు వంతెన నుంచి తూము దాకా మునిగి మునిగి వెతికారు కదా. మనిషి దొరకలేదు. ఇక దాన్ని గురించి తవ్వుకోవద్దమ్మా. ఎంత ఏడ్చినా పోయిన మనిషి రాడు.

ఇప్పుడు రాసేది వేరే పని మీద. తిట్టుకోకు. మా కాలేజీలో జంతువుల పాఠం చెప్పే శ్రీనివాసులు సారు ఉన్నాడే, ఆయనకు ఒక పిచ్చి పట్టింది. నేను ఊడ్చి తుడిచే మా ల్యాబు గదిలో మూడడుగుల గాజుతొట్టి ఉంది. కమ్మరితో ఇనుప చట్రం కొట్టించి, అడుగున కడప బండ వేసి, నాలుగు వైపులా అద్దాలు బిగించి, సందుల్లో పుట్టీ పూసింది నేనే. ఏ దొరల దేశపు పుస్తకంలో చూశాడో, అందులో బొమ్మ నా ముందు పెట్టాడు. తొట్టి అడుగంతా తివాచీ పరిచినట్టు పొట్టి గడ్డి, దాని పైన చేపలు. "ఏమప్పా దావీదూ, ఇట్లాంటిది మన తొట్లో మొలిపిస్తావా? మే నెలాఖర్లో ఊళ్ళో ప్రదర్శన పెడతాండారు, రాజధాని ఆఫీసర్లంతా చూడాల" అన్నాడు. నేను మొలిపిస్తానన్నాను. ఏనాడు కుదురుగా నోరు మూసుకున్నాను గనక!

మహానంది పోయి, గుడి కోనేటి నీళ్ళు పొలాలకు పారే చోట మొక్కలు పీక్కొచ్చి నాటాను. అవి వెలుగు కోసం మెడలు చాచుకుంటూ నిలువునా లేచాయి గాని ఒక్కటీ పక్కకు పాకలేదు. పైగా అంతా పాచి పట్టింది. అప్పుడు గుర్తుకొచ్చింది. చిన్నప్పుడు ఎండాకాలం కాలువకు నీళ్ళు కట్టేస్తే మనం చేపలకు దిగేవాళ్ళం, అడుగున గోరంత పొడుగు గడ్డి చాప మాదిరి ఉండేది. మార్చిలో కాలువ కట్టేస్తారు కదా. గుప్పెడు తీసి, తడి గోనెలో చుట్టి, డబ్బాలో పెట్టి కర్నూలు బస్సుకు ఇయ్యి. నీకూ ఇల్లు కదిలి నాలుగడుగులు వేసినట్టుంటుంది.

నీ అన్న,
దావీదురాజు.

*

సుంకులపాళెం, మైదుకూరు దగ్గర,
3-3-1955.

అన్నకు జీవమ్మ రాసేది.

నీ ఉత్తరం అందింది. నా మొగుణ్ణి వెతకడానికి కాలువలోకి మనుషుల్ని దింపావు. ఇప్పుడు గడ్డి కోసం నన్ను దిగమంటున్నావు. భలే అన్నవు దొరికావులే.

ఎలా ఉన్నావో రాయమన్నావు, రాస్తాను విను. మన ప్రార్థన గుళ్ళో ఎడమవైపు ముందు బల్ల మీద మొగుడు పోయినవాళ్ళు కూర్చుంటారు, వాళ్ళ వెనక కాపురాలు చేసుకునేవాళ్ళు. నీకు తెలిసిందే. నేను వెనక కూర్చుంటే "ఇంకా తాళి చూసుకుంటాంది" అంటారు, ముందు కూర్చుంటే "మొగుణ్ణి చేతులారా చంపుకుంటాంది" అంటారు. అందుకని గుమ్మం దగ్గర చెప్పుల పక్కన కూర్చుంటున్నాను. ఐదు నెలలుగా అదే నా చోటు. బళ్ళో పిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్నంతసేపే నేను మనిషిని.

పాస్టరయ్యను అడిగాను, ఆయనకు సమాధి కార్యక్రమం జరిపించండి, గంట కొట్టించండి అని. "దేహం లేకుండా ఎట్లమ్మా? రేపు మనిషి తిరిగొస్తే సంఘం ముందర నేనేం చెప్పాల?" అన్నాడు. నీళ్ళ దగ్గర ఆడవాళ్ళ మాటలు ఇంకా బాగుంటాయి. "సైకిలు గట్టున పారేసి యాడికో పోయినాడు. కాలవలో పడినోడు తేలకుండా ఉంటాడా?" అంటారు, నేను వినాలనే.

ఆయన నన్ను వదిలిపెట్టి పోయే మనిషి కాడు అన్నా. ఆ రోజు పొద్దున కూడా నాకు పొయ్యిలోకి చెట్లకంప కొట్టిపెట్టి పోయాడు. పోదామనుకున్న వాడు కంప కొడతాడా?

పదిహేనో తేదీకి కాలువ కట్టేస్తారని తూము కాపలాదారు చెప్పాడు. నీ గడ్డి తెస్తాను. నాకూ అక్కడ పని ఉంది.

జీవమ్మ.

*

కర్నూలు,
27-3-1955.

చెల్లెలు జీవమ్మకు,

డబ్బా క్షేమంగా చేరింది. కండక్టరు "ఇదేమప్పా, కడప నుంచి కర్నూలుకు గడ్డి మోయిస్తాండారు, మీ ఊళ్ళో ఎనుములు ఉపాసం ఉండాయా?" అని అందరి ముందరా నవ్వాడు. నవ్వనీ. నేను మాత్రం డబ్బా మూత తీసి ఆ బురద వాసన చూసి చిన్నపిల్లాడినైపోయాను.

అదే గడ్డి. తుంగభద్ర ఇసుకను పదిసార్లు కడిగి పరిచి, సన్న చిమటాతో నాలుగేసి పోచలు పట్టుకొని వేలెడు వేలెడు దూరంలో నాటాను. మూడు రోజులు పట్టింది, నడుం విరిగింది. తెల్లారి చూస్తే సగం పైకి తేలి ఉన్నాయి. మళ్ళీ గుచ్చాను. పరిగ చేపలు నాలుగు వేశాడు సారు, అవి ఒక్కొక్క పోచను పీకి ఆడుకుంటాయి. చేపల్ని తీసి బకెట్లో వేశాను. అయినా గడ్డి పసుపురంగు తిరుగుతోంది. ఏం చేయాలో తోచడం లేదు.

నువ్వు కాలువ దాకా పోతున్నావని చదివి మీ వదిన ఎంత సంతోషపడిందో. "జీవమ్మ మనుషుల్లో పడుతోంది" అంది. నాకూ గుండెలో బరువు దిగినట్టయింది. ఇంకొంచెం గడ్డి పంపు, వేరుకు మట్టి అంటుకునేలా తీయి. తొందరేం లేదు, చల్లపూటే దిగు.

దావీదురాజు.

*

సుంకులపాళెం,
7-4-1955.

అన్నకు,

నీకు చదువుకున్నవాళ్ళ సావాసం ఎక్కువై మతి పోయింది. కాలువలో నీళ్ళు పారుతున్నంత కాలం ఈ గడ్డి ఎవరికైనా కనపడిందా? నీళ్ళు కట్టేసిన పది పదిహేను రోజులకు, తడి ఆరని బురద మీద, గాలి తగిలాక కదా అది పాకేది! నీళ్ళ కింద అది ఊరికే ప్రాణం బిగబట్టుకొని ఉంటుంది. తొట్టిలో నీళ్ళన్నీ తోడెయ్యి. ఇసుక కింద కాలువ ఒండ్రు రెండు వేళ్ళ మందం వెయ్యి. నారుమడిని చూసుకున్నట్టు చూసుకో, తడి ఉండాలి, నీళ్ళు నిలవకూడదు. పైన అద్దం మూత పెట్టు, కిటికీ దగ్గరికి జరుపు. నెల తర్వాత అంతా అల్లుకున్నాక నీళ్ళు పట్టు. అప్పుడు ఎవరు పీకినా రాదు.

ఒండ్రు కూడా ఇంకో డబ్బాలో పంపుతున్నాను. పెద్ద ఈరన్న బండిలోది. కాలువ కట్టేశాక ఒండ్రు చేలకు తోలుకోవడం మామూలే కదా, ఈ ఏడు వంతెన కింద అతని వంతు వచ్చింది. నేను రోజూ బడి వదలగానే అక్కడికే పోతాను. అతను పారతో ఎత్తిపోసే ముందు నేను చేతులతో చిదిమి చూస్తాను. మొదటి రోజు "ఏమ్మా, ఏం పోగొట్టుకున్నావు?" అని అడిగి, అడిగినందుకు తనే నాలుక కరుచుకున్నాడు. ఇప్పుడేమీ అడగడు. నేను చూసి తలూపే దాకా బండికెత్తడు.

గడ్డి కోసమని చెప్పుకుంటున్నాను అందరికీ. నీ తొట్టి నాకు మంచి సాకు దొరికింది. జూన్‌లో నీళ్ళు వదిలేస్తారు. ఈలోగా వంతెన నుంచి తూము దాకా చూసెయ్యాలి. నాకు ఒక్క ఎముక దొరికినా చాలు. దాన్ని గుడి దొడ్లో పెట్టి ఆయన పేరు రాయిస్తాను.

జీవమ్మ.

*

కర్నూలు,
19-4-1955.

చెల్లెలు జీవమ్మకు,

నీ మాట ప్రకారం నీళ్ళన్నీ తోడేశాను. మరుసటి పొద్దు శ్రీనివాసులు సారు వచ్చి చూసి కేకలు పెట్టాడు. "తొట్లో నీళ్ళేవప్పా? చేపలేవి? మడి కడతాండావా ఈడ?" నేను నీ ఉత్తరంలో ఆ ముక్క చదివి వినిపించాను, మిగతాది మడిచిపెట్టి. ఆయన మెత్తబడి, "మీ చెల్లెలు బళ్ళో చెప్తాదా? సరే, చూద్దాం" అన్నాడు.

జీవమ్మా, పదిరోజుల్లో గడ్డి పాకింది! ఒక్కో పోచ నుంచి సన్న తీగ బయలుదేరి, ఇంత దూరం పోయి మళ్ళీ వేరు దించుతోంది. రోజూ పొద్దున తలుపు తీయగానే మూత అద్దానికి పట్టిన చెమట తుడిచి చూస్తాను. నిన్న లేనిచోట ఈరోజు పచ్చగా ఉంటుంది. ఆ కాసేపు నాకు వేరే ఆలోచన రాదు. ఈ మధ్య నాకు అట్లాంటి కాసేపులు కావాలి.

ఇక గడ్డి చాలు, ఒండ్రూ చాలు. నువ్వు కాలువలోకి పోవద్దు. నా మాట విను. ఎండకు పడిపోతావు. దొరికేదుంటే అప్పుడే దొరికేది, ఇన్నాళ్ళ తర్వాత అక్కడ ఏముంటుంది? సెలవులకు ఇక్కడికి వచ్చెయ్యి, మీ వదినకు తోడుగా ఉంటావు. నాలుగిళ్ళ పిల్లలకు చదువు చెప్పుకోవచ్చు. ఊరు మారితే మనిషి మారుతుంది.

ఒకవేళ, మాట వరసకే అంటున్నాను, ఆయన కాలువలో పడకపోయి ఉంటే? అట్లా కూడా ఒకసారి అనుకొని చూడు.

దావీదురాజు.

*

సుంకులపాళెం,
29-4-1955.

దావీదురాజుకు,

నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు అన్నప్పుడు నేను తల వంచుకొని వచ్చేశాను. నువ్వూ అదే మాట అంటావా? ఈ సంబంధం తెచ్చిందెవరు? "లేవి బంగారం లాంటోడు, కళ్ళు మూసుకొని చేసుకో" అని మన ఇంటి గడపలో కూర్చొని చెప్పిందెవరు? ఇప్పుడు మాట వరసకంటావా? నీ ఇంట్లో వంటమనిషి కావాలంటే వంటమనిషి కావాలని రాయి. ఇన్ని వంకరలెందుకు?

పోనీలే. నీతో పోట్లాడే ఓపిక లేదు, నీతో పని పడింది.

మొన్న మంగళవారం వంతెన రెండో కమాను కింద, మోకాలి లోతు ఒండ్రులో ఎముకలు దొరికాయి. ఐదు. పెద్ద ఈరన్న పార పక్కన పెట్టి, తలగుడ్డ విప్పి పరిచి, వాటిని అందులో పెట్టాడు. "ఇవి మనిషివేనా ఈరన్నా?" అని అడిగితే, "నాకేం తెలుస్తాదమ్మా? మనిషివైతే బాగుండు" అన్నాడు. పాస్టరయ్య చూసి, తెలిసినవాళ్ళు చెప్పాలన్నాడు.

నీ గదిలో బీరువాలో మనిషి అస్థిపంజరం వేలాడుతుంటుందని, దాన్ని నువ్వే తుడుస్తావని నాకు చెప్పావు. అందుకని ఒక ఎముకను నీకు పంపుతున్నాను. డబ్బాలో పైన గడ్డి ఉంది, కింద గుడ్డలో అది ఉంది. దాని పక్కన పెట్టి చూడు. సారుకు చూపించు. ఉన్నదున్నట్టు రాయి. అబద్ధం రాస్తే నేను ఓర్చుకోలేను. అవునంటే అవును, కాదంటే కాదు. కాదంటే నేను మళ్ళీ దిగుతాను, నీళ్ళు వదలడానికి ఇంకా నెల ఉంది. ఈ ఏడు దొరక్కపోతే వచ్చే ఏడు.

ఈ ఉత్తరం చదివేటప్పుడు మీ వదినను దగ్గర పెట్టుకోకు, ఆమె భయపడుతుంది.

జీవమ్మ.

*

కర్నూలు,
5-5-1955.

జీవమ్మా,

చూశాము. అది మనిషిదే. ముంజేతి ఎముక అని సారు అన్నాడు.

ఇక కాలువలోకి దిగకు. ఆ ఐదింటితో జరిపించవలసింది జరిపించుకో. పాస్టరయ్యకు ఈ ఉత్తరం చూపించు.

గడ్డి బాగా అల్లుకుంది. పై వారం నీళ్ళు పడతాను.

దావీదురాజు.

*

సుంకులపాళెం,
17-5-1955.

అన్నకు,

నిన్ను పోయినసారి ఎన్ని మాటలన్నానో, మనసులో పెట్టుకోకు. నీ ఉత్తరం వచ్చిన రోజు నేను ఎనిమిది నెలల తర్వాత కడుపు నిండా అన్నం తిన్నాను. తిన్నాక సిగ్గేసింది. మొగుడి ఎముక తేలిన రోజు అన్నం అంత రుచిగా ఉంటుందా ఎవరికైనా?

శనివారం జరిగింది. పాస్టరయ్య నీ ఉత్తరాన్ని గుళ్ళో నిలబడి అందరికీ చదివి వినిపించాడు. నీళ్ళ దగ్గర మాట్లాడిన ఆడవాళ్ళే ముందు ఏడ్చారు. నువ్వు పంపిన ఎముకను తిరిగి వాటితో కలిపి, కొత్త పంచెలో చుట్టి చిన్న పెట్టెలో పెట్టారు. పెట్టె మోసింది పెద్ద ఈరన్న. మన మతం కాదు కదా నీకెందుకన్నారు ఎవరో. "బైటికి తీసింది నేను, లోపల పెట్టేదీ నేనే" అన్నాడు. ఆయనకు ముప్పై రెండేళ్ళు కాబట్టి గంట ముప్పై రెండు సార్లు కొట్టారు. నేను లెక్కపెట్టాను. ఊరంతా తలా గుప్పెడు మన్ను వేశారు, పిల్లలతో సహా. చెక్క శిలువ మీద "లేవి" అని తెల్లరంగుతో రాయించాను.

తర్వాత అందరూ నన్ను పట్టుకొని లోపలికి తీసుకుపోయి ముందు బల్ల మీద కూర్చోబెట్టారు. చోటు జరిగి ఇచ్చారు. తాళి తీసేశాను. ఏడ్చాను, చాలా ఏడ్చాను, కాని ఇన్నాళ్ళు ఏడ్చిన ఏడుపు కాదు అది. ఇక నన్ను ఎవరూ ఏమీ అనలేరు. ఆయన్నీ అనలేరు.

ముందే కార్డు రాశాను కదా, నువ్వు వస్తావని శనివారం మధ్యాహ్నం బస్సు దాకా ఆపించాను. రాలేదు. తొట్టికి నీళ్ళు పట్టే పనేమోలే అనుకున్నాను. గడ్డి నిలిచిందా? చేపలు పీకడం లేదు కదా? నీ ఒక్క మాట నన్ను బతికించింది. దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

నీ చెల్లెలు,
జీవమ్మ.

*

కర్నూలు,
26-5-1955.

చెల్లెలు జీవమ్మకు,

ఈ ఉత్తరం నీకు శనివారానికి అందాలని దేవుణ్ణి వేడుకుంటున్నాను. తలుపు వేసుకొని చదువు.

లేవి బతికి ఉన్నాడు.

పోయిన డిసెంబరులో, క్రిస్మసు ముందు మీ వదినను పుట్టింటికి దిగబెట్టడానికి ఆదోని పోయినప్పుడు చూశాను. పత్తి మిల్లు గేటు దగ్గర బీడీ తాగుతూ నిలబడ్డాడు. నన్ను చూసి పరుగెత్తబోయాడు, పట్టుకున్నాను. అక్కడే మద్దమ్మ అని మిల్లులో పనిచేసే మనిషితో ఉంటున్నాడు. నేను కొట్టాను. కొట్టించుకున్నాడు. నా కాళ్ళ మీద పడి, "నేను సచ్చిపోయినాననే అనుకోనీప్పా. సచ్చినోడి కోసం ఏడ్చి ఊరుకుంటాది. వదిలేసి పోయినాడని తెలిస్తే బతకదు" అన్నాడు. నేను ఆ సంబంధం తెచ్చినవాణ్ణి. ఊళ్ళో నిన్ను వదిలేసిన ఆడదని వేలెత్తి చూపిస్తారనుకున్నాను. నోరు మూసుకున్నాను. నీకు మంచే చేస్తున్నాననుకున్నాను జీవమ్మా.

నువ్వు గడ్డి తీస్తూ ఆయన కోసం వెతుకుతున్నావని ఏప్రిల్ ఉత్తరంలో చదివినప్పుడే చెప్పవలసింది. చెప్పడానికి నాలుగు కాగితాలు రాసి చించాను. ఎముక పంపినప్పుడు సారు దాన్ని ఒక్కసారి తిప్పి చూసి, "గొర్రెదప్పా, ఇది కూడా తెలీదా? ఇన్నేండ్లుగా బీరువా తుడుస్తాండావు కదా" అన్నాడు. నాకు ముందే తెలుసు. నువ్వు ఏటా ఎండాకాలం ఆ బురదలో మోకాళ్ళ మీద కూర్చోవడం నాకు కళ్ళకు కట్టింది. అందుకని మనిషిదని రాశాను. పాస్టరయ్య దాన్ని గుళ్ళో చదువుతాడని నాకు తట్టలేదు.

నీ పోయిన ఉత్తరం చదివాక రెండు రోజులు అన్నం దిగలేదు. ఆదివారం ఆదోని పోయాను. "నీకు గంట కొట్టినారు, మన్ను పోసినారు, నీ పీడ వదిలింది" అని కసి తీరా చెప్పాలని పోయాను. చెప్పాను. గంట ముప్పై రెండు సార్లు కొట్టారన్నది కూడా చెప్పాను. వాడు గోడకానుకొని కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. నేను రమ్మని అనలేదు, ఒట్టు. నిన్న నా ఇంటికి వచ్చి, "నన్ను పూడ్చిన తావు చూడాల, ఆమె ముందర నిలబడాల" అన్నాడు. ఎంత చెప్పినా వినలేదు. ఆదివారం పొద్దున్నే అక్కడికి చేరతాడు. చీపురు తిరగేస్తావో, లోపలికి రమ్మంటావో నీ ఇష్టం. పాస్టరయ్యకు నా తప్పంతా నేనే వచ్చి చెప్పుకుంటాను.

తొట్టిలో నీళ్ళు పట్టాను. గడ్డి నిలిచింది, ఒక్క పోచ తేలలేదు. ప్రదర్శనలో జనం విరగబడి చూస్తున్నారు. సారు నా భుజం తట్టి, "శెభాష్ దావీదూ" అన్నాడు. నేను ఆ తొట్టి వైపు చూడలేకపోతున్నాను.

నన్ను క్షమించమని అడిగే ముఖం లేదు. అయినా అడుగుతున్నాను.

దావీదురాజు.

*

సుంకులపాళెం,
1-6-1955.

అన్నకు,

నీ ఉత్తరం శనివారం సాయంత్రం అందింది. రెండుసార్లు చదివి పొయ్యిలో పెట్టాను. పాస్టరయ్యకు చూపించలేదు. నువ్వు వచ్చి చెప్పుకోవద్దు.

ఆదివారం ఆరాధన అయి అందరం బయటికి వస్తున్నాము. ఆయన గుడి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ముందు చూసింది పిల్లలు. కేక వెయ్యబోయి వాళ్ళమ్మల మొహాలు చూసి ఆగిపోయారు. అందరూ గుర్తుపట్టారు అన్నా. పది అడుగుల దూరంలో ఊరంతా నిలబడిపోయింది. అందరూ నా వైపే చూశారు, నేనేమంటానో అని.

"జీవమ్మా, నేనే" అన్నాడు.

రాత్రంతా ఏమనాలో ఆలోచించుకున్నాను. తిట్టాలనుకున్నాను. చెప్పు తీసుకోవాలనుకున్నాను. తీరా ఆయన ముందు నిలబడితే నా నోటి నుంచి వచ్చింది ఒక్కటే. "ఎవురప్పా నువ్వు? యా ఊరు మీది?"

ఆయన పాస్టరయ్య వైపు తిరిగాడు. పాస్టరయ్య బైబిలు తెరిచి ఏదో వెతుక్కుంటూ ఉండిపోయాడు. ఆడవాళ్ళ వైపు తిరిగాడు. నీళ్ళ దగ్గర అన్నవాళ్ళు, అన్నీ అన్నవాళ్ళు, కొంగులు సర్దుకొని నా చుట్టూ వచ్చి నిలబడ్డారు. అప్పుడు దారిన బండి తోలుకుపోతున్న పెద్ద ఈరన్న దిగి వచ్చాడు. ఆయన భుజం మీద చెయ్యి వేసి, మెల్లగానే అన్నాడు. "పొరపాటు పడినావప్పా. ఈ ఊర్లో నీకు కావలసినోళ్ళు ఎవురూ లేరు. మైదుకూరు దాకా నేను దింపుతా, ఆడ బస్సు ఉండాది."

బండి ఎక్కేముందు సమాధుల దొడ్డి గోడ మీదుగా చూశాడు. తన పేరు చదువుకున్నాడు. చాలాసేపు చదువుకున్నాడు, ఉన్నది రెండక్షరాలే అయినా. పెద్ద ఈరన్న తొందర పెట్టలేదు.

నా మీద జాలిపడి నువ్వు రెండు పనులు చేశావు. డిసెంబరు నుంచి తెలిసి నోరు మూసుకున్నావు. నేను రోజూ చేతులతో ఒండ్రు చిదిమి ఆయన ఎముక కోసం వెతుకుతున్నానని రాస్తే, నాకు గడ్డి పాకిందని రాశావు. దాన్ని నేను క్షమించలేను, క్షమించానని అబద్ధం రాయను. గొర్రె ఎముకను మనిషిదన్నావు. దాన్ని మాత్రం నేను ఉంచుకున్నాను. ఊరంతా మన్ను పోసింది దాని మీద. ఇక దాన్ని తవ్వి తీసే హక్కు నీకు లేదు, నాకు లేదు, ఆయనకూ లేదు.

నువ్వు కొన్నాళ్ళు ఈ పక్కకు రావద్దు. ఉత్తరాలు రాయొద్దు.

ఆయన చాలా చిక్కిపోయాడు అన్నా. ఎడమకాలు కుంటుతున్నాడు, మిల్లులో ఏదో మీద పడి ఉంటుంది. నువ్వు రాయలేదు. కర్నూలు నుంచి పొద్దున్నే బయలుదేరి ఉంటాడు, దారిలో ఏమన్నా తిన్నాడో లేదో. అన్నం తిన్నావా అని అడగాలని నోటిదాకా వచ్చింది. ఊరంతా చూస్తున్నారు. అడగలేకపోయాను.

జీవమ్మ.